స్వాప్ కోసం నేనిచ్చిన చోటు

అమీర్‌పేటలో నాకు ఒక అలవాటు పట్టుకుంది. కీబోర్డు ముందు కూర్చుంటే చాలు, బుర్రతో పనిలేకుండా వేళ్ళు వాటంతట అవే కొట్టుకుంటూ పోయేవి. అది నాకు చాలా గొప్పగా ఉండేది. హాస్టల్లో పిల్లలు నా స్పీడు చూసి "అబ్బో" అనేవాళ్ళు. ఆ వేళ్ళు ఒకరోజు ఏం చేశాయో ఇన్నేళ్ళలో ఒక్కరికి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మాది కాకినాడ. డిగ్రీ అవ్వగానే అందరితో పాటు హైదరాబాద్ వచ్చి పడ్డాను. ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్, గదికి ఐదు మంచాలు. పొద్దున్నే ఏడింటికి అమీర్‌పేటలో యూనిక్స్ అడ్మినిస్ట్రేషన్ క్లాసు. ఇన్‌స్టిట్యూట్ అంటే ఏదో అనుకునేరు! ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో హాలు, ఆ పక్కన వంటింట్లో పన్నెండు కంప్యూటర్లు. వంటగట్టు మీద కూడా రెండు మానిటర్లు ఉండేవి. క్లాసు గంట, ల్యాబ్ గంట. మా గంట అవ్వకముందే తర్వాతి బ్యాచ్ వాళ్ళు గుమ్మంలో నిలబడి వాచీలు చూసుకునేవాళ్ళు.

ఆ పన్నెండు కంప్యూటర్లనీ మా సారు అచ్చు ఒకేలా తయారు చేశాడు. డిస్కుని భాగాలు చేసి, ఆఖరిది మాకు వదిలేశాడు. దాని పేరు హెచ్‌డీఏ ఆరు. "ఆరో నంబరు మీ ఆటస్థలం. చెరపండి, రాయండి, ఏమైనా చేసుకోండి" అనేవాడు. డిస్కులో ఏయే భాగాలు వాడుకలో ఉన్నాయో చూడ్డానికి డీఎఫ్ అని ఒక కమాండ్ ఉంటుంది. అది కొడితే అవన్నీ వరసగా కనిపిస్తాయి. మా ఆరో నంబరు ఆ లిస్టులో ఎప్పుడూ ఉండేది కాదు. దాంతో మా బ్యాచ్ మొత్తానికి ఒక లెక్క స్థిరపడిపోయింది. డీఎఫ్‌లో కనపడలేదంటే ఖాళీ అని. సారు అలా చెప్పలేదు, జిరాక్సు నోట్సులోనూ లేదు. రోజూ అదే చూసి చూసి మాకే నాటుకుపోయింది.

అక్కడ నేను అందరికంటే బాగా చేసేది స్వాప్. కంప్యూటరు మెమరీ నిండిపోతే, ఆ నిమిషానికి అక్కర్లేని వాటిని డిస్కు మీద పక్కన పెట్టుకుంటుంది. హాస్టల్లో మంచం మీద చోటు లేకపోతే సూట్‌కేసు మంచం కిందకి తోస్తాం చూడండి, అలా. ఆ పక్కన పెట్టుకునే చోటు స్వాప్. అది ఎక్కడో మనం ముందే చూపించాలి. రెండే కమాండ్లు. మేక్‌స్వాప్ కొడితే ఆ భాగం మొదట్లో ఉన్నది చెరిపేసి తన గుర్తు వేసుకుంటుంది. స్వాపాన్ కొడితే వాడుకోవడం మొదలుపెడుతుంది. ముందు అక్కడ ఏముంది, ఎవరిది అని అడగదు. ఆ రెండు కమాండ్లూ, వాటి చివర హెచ్‌డీఏ ఆరూ ల్యాబ్‌లో ఎన్ని వందలసార్లు కొట్టానో నాకే తెలీదు.

కోర్సు అయ్యాక ఇంకో పాఠం ఉండేది, అది బోర్డు మీద రాసేవాళ్ళు కాదు. బయోడేటాలో రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు పెట్టించేవాళ్ళు. లేని కంపెనీ, లేని సర్వర్లు. అది పెట్టాక సారు మమ్మల్ని కూర్చోబెట్టి ఒకటే నూరిపోశాడు. "రెండేళ్ళు చేసినవాళ్ళు తెలీదు అనరు. ఆగరు. పక్కవాణ్ణి అడగరు. ఆగారో, దొరికిపోయినట్టే." నేను బుద్ధిగా తల ఊపాను. నా మొహం, ఇలాంటి వాటిల్లో నేనెప్పుడూ ఫస్టే.

ఉద్యోగం పంజాగుట్టలో దొరికింది. సర్కిల్ నుంచి కొంచెం లోపలికి, బట్టల షాపు మీద మూడో అంతస్తు. పాత క్యాసెట్లు తెచ్చిస్తే కంప్యూటర్లోకి ఎక్కించి, గరగర తీసేసి, సీడీలు చేసిచ్చే చోటు. ఆ రోజుల్లో ఆ వీధిలో ప్రతి బోర్డు మీదా సాఫ్ట్‌వేర్, సొల్యూషన్స్ అనే ఉండేవి, మా బోర్డు మీదా ఉండేది. ఓనరు ఎప్పుడూ ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. ఆఫీసులో ఉండేది ఇద్దరమే. నేను సిస్టమ్ అడ్మిన్‌ని. రెండోది క్యాసెట్ల పని చూసే అన్న. యాభైకి దగ్గర పడ్డ మనిషి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, టేప్ రికార్డర్లు విప్పి బిగించడంలోనే జీవితం గడిపినవాడు. కంప్యూటరంటే మాత్రం భయం. నాకంటే ముందు పనిచేసి మానేసిన అబ్బాయి ఒక కాగితం మీద నాలుగు కమాండ్లు రాసిచ్చి వెళ్ళాడట. దాన్ని సొరుగులో దాచుకుని, అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టేవాడు. "నీకేందమ్మా, రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్, అన్నీ ఎరుకే" అనేవాడు నాతో. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

నేను చేరిన రెండో వారంలో ఆ దంపతులు వచ్చారు, మాసబ్ ట్యాంక్ నుంచి. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేవారట. రెండేళ్ళ కింద గొంతుకి జబ్బు చేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడకి చిన్న తెల్లగుడ్డ కట్టుకుని ఉన్నారు. మాట అనేది ఇంక లేదు, గుసగుస కూడా రాదు. చెప్పాల్సింది చిన్న నోటుపుస్తకంలో రాసి చూపించేవారు. ఆవిడ సంచీ నిండా క్యాసెట్లు తెచ్చారు, ఇరవై మూడు. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలు, పిల్లలకి చెప్పిన కథలు, పాటలు. అన్నీ ఆయన గొంతే.

"మిగతావి ఎలా వచ్చినా సరే తల్లీ, ఈ మొదటిది మాత్రం జాగ్రత్త" అన్నారావిడ, ఒక క్యాసెట్ విడిగా తీసి నా చేతిలో పెట్టి. "మా పెళ్ళయిన కొత్తల్లో టేప్ రికార్డర్ కొన్న రోజుది. ఇందులో ఈయన నన్ను పేరు పెట్టి పిలుస్తారు, పాట పాడమని. తర్వాత పిల్లాడు పుట్టాడు. ఇంక అక్కణ్ణుంచి ఇదిగో, ఏమే, అబ్బాయి వాళ్ళమ్మా, ఇవే. ఆయన నోట నా పేరు మళ్ళీ విన్నది లేదు. ఇంక వింటే ఇందులోనే వినాలి."

మాస్టారు పక్కన నిలబడి, సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని నవ్వారు.

క్యాసెట్లు బూజు పట్టి ఉన్నాయి. అన్న ఒకటి విప్పి, లైటు దగ్గర పెట్టి చూసి పెదవి విరిచాడు. "ఒక్కసారి పాడతయమ్మా గివి. మల్ల పెడితే రావు." నిజంగానే తిరుగుతున్నంతసేపూ రిబ్బను మీది పొడి గోధుమరంగులో రాలేది. మూడు వారాలు ఒక్కొక్కటే ఎక్కించాడు. మొదటిది ఎక్కించిన రోజు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "మస్తు ముద్దుగ పిలిచిండమ్మా సారు" అని కళ్ళు తుడుచుకున్నాడు. నేను వినలేదు. తర్వాత వినొచ్చులే అనుకున్నాను.

అన్నీ అయ్యాక ఒకేసారి సీడీలు చేద్దామని, ఎక్కించినవి ఎక్కించినట్టు డిస్కులోనే ఒక చోట దాచేవాడు. నేను సాయంత్రం వెళ్ళిపోయాక చేసేవాడు ఆ పని. "ఎవ్వరి చెయ్యి తగలకుండ పెట్టిన" అన్నాడు ఒకసారి. ఎక్కడ పెట్టావన్నా అని ఒక్క మాట అడిగి ఉంటే సొరుగులో కాగితం తీసి చూపించేవాడు. అడగలేదు. రెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నేను అడుగుతానా?

ఇరవై క్యాసెట్లు దాటాక కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. గరగర తీసే ప్రోగ్రాం మెమరీ అంతా మింగేసేది. కాసేపు తెర బిగుసుకుపోయేది, మౌసు కదిలేది కాదు, తర్వాత ఆ ప్రోగ్రాం టక్కున మాయమయ్యేది. జరిగిందంతా కంప్యూటరు రాసిపెట్టుకునే లాగ్ తీసి చూస్తే ఒకటే లైను. మెమరీ అయిపోయింది, ఫలానా ప్రాసెస్‌ని చంపేశాను అని. ఎవర్ని చంపాలో దాని ఇష్టమే. ఒక్కరోజులో మూడుసార్లు అలా జరిగింది. మూడోసారి ఇద్దరం నల్లటి తెర వైపే చూస్తూ కూర్చున్నాం. "గిదేందమ్మా, మనిషి లెక్క సచ్చిపోతుంది" అన్నాడు అన్న.

అయినా లోపల సంతోషమే. దీనికి మందు నాకు తెలుసు కదా. ఉన్న స్వాప్ చాలా చిన్నది, ఇంకొకటి కలిపితే సరిపోతుంది.

మర్నాడు పొద్దున్న పదింటికి అన్న టీ తాగడానికి కిందకి వెళ్ళాడు. నేను డీఎఫ్ కొట్టాను. ఆరో నంబరు లేదు. డిస్కు మొత్తం లిస్టు తీసి చూస్తే ఆరో నంబరు ఉంది. ఉంది, డీఎఫ్‌లో లేదు, అంటే ఖాళీ. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, అమీర్‌పేట వంటింట్లోకి మళ్ళీ వెళ్ళి కూర్చున్నట్టుంది. మేక్‌స్వాప్, హెచ్‌డీఏ ఆరు, ఎంటర్. ల్యాబ్‌లో అయితే చిన్న సైజు చూపించేది. ఇక్కడ చాలా పెద్ద అంకె పడింది. ఆ అంకె చూసి వేలు ఒక్క క్షణం ఆగింది. ఇంత చోటు ఎవరైనా ఊరికే వదిలేస్తారా అని బుర్రలోకి వచ్చింది కూడా. కానీ ఆగితే దొరికిపోయినట్టే కదా. చూసేవాళ్ళెవరూ లేరు, గదిలో నేనొక్కదాన్నే, అయినా ఆగలేదు. స్వాపాన్ కొట్టాను. ఏమీ అనలేదు. పని సరిగ్గా జరిగితే యూనిక్స్ ఏమీ మాట్లాడదు.

అన్న వచ్చి ఇరవై మూడో క్యాసెట్ పని మొదలుపెట్టాడు. కంప్యూటరు ఎక్కడా బిగుసుకోలేదు. "వారెవ్వా" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. ఓనరుకి ఫోన్ చేసి నా గురించి పది నిమిషాలు పొగిడాడు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీసి నాకు పెట్టాడు. నేను గొప్పగా తిన్నాను.

రెండింటికి మెట్ల మీద ఆవిడ గొంతు వినపడింది. బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి చెకప్‌కి వచ్చారట, అట్నుంచి అటే ఆటో ఎక్కి వచ్చేశారు. "ఇంక ఆఖరిది ఒక్కటే మిగిలిందని నిన్న ఫోన్లో చెప్పారు కదా. ఇంక ఆగలేకపోయానమ్మా. ఆ మొదటిది ఒక్కటి వినిపిస్తే చాలు, విని వెళ్ళిపోతాం." ఆవిడ చీర మార్చుకుని, తల దువ్వుకుని, పండక్కి తయారైనట్టు ఉన్నారు. మాస్టారు మెల్లగా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

"కూసోండ్రి, రెండు నిమిషాలు" అన్నాడు అన్న. గరగర తీసే ప్రోగ్రాంని దాని పని దాన్ని చేసుకోనిచ్చి, పక్కన ఇంకో విండో తెరిచాడు. సొరుగులోంచి కాగితం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం కొట్టాడు. అది మౌంట్ కమాండ్. వాడుకలో లేని భాగాన్ని బీరువా తలుపు తీసినట్టు తెరిచేది అదే. చివర్న అన్న కొట్టిన పేరు హెచ్‌డీఏ ఆరు.

ఆ భాగం బిజీగా ఉంది, తెరవడం కుదరదు అని పడింది తెర మీద.

ఎవరి చెయ్యీ తగలకూడదనే అన్న దాన్ని రోజూ మూసేసి పెట్టాడు. మూసేసి పెట్టాడు కాబట్టే డీఎఫ్‌లో కనపడలేదు. కనపడలేదు కాబట్టి నేను ఖాళీ అనుకున్నాను. ఇరవై రెండు క్యాసెట్లూ అందులో ఉన్నాయి, వాటి మీద నేను స్వాప్ పరిచాను.

"ఏమైందమ్మా, గిట్లంటుంది?" అని నా వైపు తిరిగాడు.

"సిస్టమ్ బిజీగా ఉందన్నా" అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. "ఇప్పుడు నడుస్తున్న పని అయ్యాక తెరుచుకుంటుంది."

"అట్లనా" అన్నాడు. నమ్మాడు. నా మాట ఎందుకు నమ్మడు? గోడ మీద గడియారం రెండూ ఐదు చూపిస్తోంది.

నా సీట్లో కూర్చుని ఫ్రీ అని కొట్టాను. స్వాప్ ఎంత వాడుకుందో చెప్పే కమాండ్ అది. పాత స్వాప్ నిండేదాకా కొత్తదాన్ని ముట్టుకోదు, అది నాకు తెలుసు. అందుకే ఆశగా చూశాను. పాతది నిండిపోయింది. కొత్తదాంట్లో నలభై ఒకటి. నలభై ఒక్క ఎంబీ. అంటే ఆ భాగం మొదట్నుంచి అంత మేర తుడిచి రాసేసిందన్నమాట. మొదట్నుంచే రాస్తుంది అది. ముందు దాచింది ముందు పోతుంది. మొదటి క్యాసెట్ ముందు పోతుంది. ఇదంతా నాకు తెలుసు, నోట్సులో ఉంది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఎవరూ చూడకుండా స్వాపాఫ్ కొట్టాను. స్వాప్‌ని ఆపేసే కమాండ్. చాలాసేపు ఏమీ అనకుండా ఉండి, మెమరీ చాలదు, కుదరదు అంది. బయటికి తోసినవన్నీ వెనక్కి తెచ్చుకోడానికి దానికి చోటు లేదు.

ఆపాలంటే ఇంక ఒక్కటే దారి, నడుస్తున్న పని చంపాలి, లేదంటే కరెంటు తీసెయ్యాలి. రెండూ సెకను పని. కానీ ఎందుకు ఆపావని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. చెప్తే రెండేళ్ళ అనుభవం ఉన్నదానివి ఇది కూడా చూసుకోలేదా అంటారు. అక్కణ్ణుంచి లేని కంపెనీ, లేని సర్వర్లు, అన్నీ బయటపడతాయి. కాకినాడలో నాన్న వీధిలో అందరికీ చెప్పుకుని తిరుగుతున్నారు. ఇలా ఒక్కొక్కటే లెక్కేసుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ ఫ్రీ కొట్టాను. అరవై మూడు. ఏదో ఒకటి జరిగి అదే ఆగిపోతుందేమో అని చూశాను. ప్రోగ్రాం దానంతట అదే చచ్చిపోతే బావుణ్ణు అని దేవుడికి మొక్కుకున్నాను. నిన్న మూడుసార్లు చచ్చింది. ఇవాళ చావదు, నేను స్వాప్ ఇచ్చాను కదా.

అన్న మీద కోపం కూడా వచ్చింది. చెప్పొచ్చుగా ఎక్కడ పెట్టాడో! ఛీ, ఆ కోపం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

బెంచీ మీద మాస్టారు నన్నే చూస్తున్నారు. నేను తల తిప్పేసుకున్నాను. ఆయన ఏదో రాసి ఆవిడకి చూపించారు. ఆవిడ చదివి, నా వైపు చూసి, లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. తర్వాత ఆయనే లేచి నా బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం ముందు పెట్టారు. గుండ్రటి అక్షరాలు, బళ్ళో బోర్డు మీద రాసినట్టున్నాయి. "తొందరేం లేదమ్మా. మేం కూర్చుంటాం."

"సరేనండి" అన్నాను. ఆ మాట నాకు ఎంత ఆసరా అయిందో! ఆయనే తొందర లేదన్నారు కదా. ఇంకో పది నిమిషాలు ఆలోచించుకోవచ్చు. ఫ్రీ. నూట పద్దెనిమిది. ఫ్రీ. నూట అరవై. కింద పంజాగుట్ట రోడ్డు మీద బస్సులు ఒకటే హారన్లు. ఆవిడ సంచీలోంచి సీసా తీసి ఆయనకి నీళ్ళిచ్చారు. అన్న వాళ్ళతో ఆ పాత టేప్ రికార్డర్ ఏ కంపెనీది, ఎక్కడ కొన్నారు అని కబుర్లు చెబుతున్నాడు. రెండు వందల ఐదు. రెండు వందల యాభై దాటింది, అయినా కొట్టడం మానలేదు. వేళ్ళు అవే కొడుతున్నాయి.

అన్న ఎప్పుడు వచ్చి నా వెనక నిలబడ్డాడో చూడలేదు.

"గా నంబర్ ఏంది?" అన్నాడు. "ఎందుకు పెరుగుతుంది?"

మూడు వందల పన్నెండు. టైము పావుతక్కువ మూడు.

"క్యాసెట్లన్నా" అన్నాను. "మాస్టారి క్యాసెట్లు. వాటి మీద రాసేస్తోంది."

అన్న ఇంకేమీ అడగలేదు. ఒక్క ముక్క కూడా. వంగి కంప్యూటరు వెనక వైరు పట్టుకుని పీకేశాడు. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. నేను నలభై నిమిషాలు చెయ్యలేని పని ఆయన ఒక్క గుంజుతో చేసేశాడు.

ఆవిడ లేచి నిలబడ్డారు. పొద్దున్న పొరపాటున ఆ చోటు వాడేశానండి, ఇప్పుడే చూశాను, అన్నాను. ఇప్పుడే, అన్నాను.

"మొదటిది ఉందా?" అన్నారావిడ.

"తెలీదండి" అన్నాను. ఆ ఆఫీసులో ఆ మాట అనడం అదే మొదలు.

మాస్టారు పుస్తకం తెరవలేదు. నా వైపు చూసి చిన్నగా తల ఊపారు, అంతే. ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను పరిగెత్తుకుంటూ అమీర్‌పేట వెళ్ళి మా సారు కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. నన్ను బాగా తిట్టాడు, తిట్టి వచ్చాడు. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి రెండు రోజులు కూర్చున్నాడు. ఫైళ్ళ పేర్లన్నీ పోయాయి. వట్టి నంబర్లతో ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే, ఏది ఏ క్యాసెట్టో అన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని చెప్పాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. పద్దెనిమిది దొరికాయి. వైరు పీకినప్పుడు పని మధ్యలో పోయిన ఇరవై మూడోది అన్నిట్లోకీ కొత్త క్యాసెట్ కాబట్టి అన్న భయపడుతూ దాన్ని మళ్ళీ ఎక్కించాడు, ఎలాగో వచ్చింది. మొదటి నాలుగూ లేవు. అన్న మొదటి క్యాసెట్ బయటికి తీసి, ఊదీ ఊదనట్టు ఊది, రెండోసారి పెట్టాడు. ఒక్క చుట్టు తిరిగి కీచుమని రిబ్బను తెగిపోయింది. రెండు చివరలూ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

సారు వెళ్ళిపోతూ, వైరు చుట్టుకుంటూ అన్నాడు. "అన్యాయంగా పోయాయిరా. మీ అన్న ఏది ముందు దాచాడో అడిగి లెక్కేశాను, ఆ భాగంలో మొదట ఉన్నవి మైక్ టెస్టింగ్ ఫైళ్ళు. హలో హలో, ఒకటి రెండు మూడు, అంతా చెత్త. వంద ఎంబీ దాకా అవే. ఆ తర్వాతే మొదటి క్యాసెట్. వంద లోపల చూసి ఆపేసి ఉంటే మొత్తం వచ్చేసేవి. చూసుకోలేదు, ఏం చేస్తాం."

నేను చూసుకున్నాను. నలభై ఒకటి దగ్గర చూశాను. అరవై మూడు దగ్గర చూశాను. పొద్దున్న నేను చేసిన తప్పు వల్ల పోయింది వట్టి హలో హలోలే. ఆవిడ పేరు పోయింది ఆ తప్పు వల్ల కాదు, నేను నోరు మూసుకుని కూర్చోవడం వల్ల. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఏడిస్తే ఏమొస్తుంది.

ఓనరు నన్ను పొమ్మనలేదు. క్షమాపణ చెప్పి సీడీలు ఇచ్చి రమ్మన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మాసబ్ ట్యాంక్‌లో వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. మాస్టారు లోపల పడుకున్నారని, ఆవిడ గుమ్మంలోనే మాట్లాడారు. పంతొమ్మిది సీడీలూ లెక్కపెట్టి తీసుకున్నారు.

"మొదటిది లేదు కదూ" అన్నారు.

"లేదండి." దారంతా అనుకుంటూ వచ్చిన మాట, ఇంక ఆపితే ఎప్పటికీ రాదని కక్కేశాను. "ఆంటీ, ఆ రోజు ఇప్పుడే చూశాను అన్నాను, అది అబద్ధం. మీరు వచ్చి కూర్చున్నప్పుడే తెలిసింది. భయమేసి చెప్పలేదు. అప్పుడే చెప్పుంటే ఆ క్యాసెట్ దక్కేది."

ఆవిడ తిడతారని చూశాను. కొట్టినా బావుణ్ణు అనిపించింది. ఆవిడ ఒకసారి లోపలి గది వైపు చూసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"ఈయనకి తెలుసు" అన్నారు. "నీ మొహం చూడగానే పట్టేశారు. ఈ పిల్ల ఏదో పొరపాటు చేసింది, అడిగామంటే బెదిరిపోయి ఇంకో అబద్ధం చెప్తుంది, కాసేపు వదిలేస్తే తనే వచ్చి చెప్తుంది అని నాకు రాసి చూపించారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల్ని అలాగే చూశారాయన. నేను లేచి అడగబోతుంటే వద్దని కూర్చోబెట్టారు."

తొందరేం లేదమ్మా అని ఆయన అందుకు రాశారు. నా భయం పోవాలని నాకు టైమిచ్చారు, ఆ టైములోనే ఆయన గొంతు పోయింది.

"అలా కూర్చున్నామే, అప్పుడేనా పోయింది?" అని అడిగారు.

"అవునండి."

ఆవిడ సీడీలు గుండెకి ఆనించి పట్టుకున్నారు.

"ఆ సంగతి ఆయనకి మాత్రం చెప్పకు" అన్నారు. "ఎప్పుడూ చెప్పకు. ఇంక వెళ్ళు."